సంకల్పము – పాదాంశ క్రమము
(జహీరాబాదున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

నూతన సంవత్సరమున ఆరోగ్యమునకై మనము చేసికొనదగిన నియమములను గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను నియోగించిరి. నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లకు పైగా బాలురకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. రోగమును కుదుర్చు మందు నాయొద్ద లేదు. కాని చేసికొన్న నిశ్చయమును నిలుపుకొనుట యెట్లు అను ప్రశ్న పాఠశాలకును వైద్యశాలకును సమానమైనది. ఆ యొక్క ప్రశ్నను గూర్చియే నాలుగు మాటలు విన్నవించెదను.

మన మహాసభలలో విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు తీర్మానములు జరుగుచున్నవి. తినుట, నడచుట, నిద్రించుట యెవరి యింటి సంగతి వారిది గదా, దానికి సంఘమేల యని కొందరడుగవచ్చును. ఐ.సి.ఎం.ఆర్. సంస్థవారు దేశమంతట జరిపించిన పరిశీలన ఫలితములు 2023వ సంవత్సరమున ప్రకటితములైనవి. దాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి గుమ్మమున నిలిచియున్నవారు 13 కోట్ల 60 లక్షలమంది. రక్తపు పోటు గలవారు 31 కోట్ల 50 లక్షలమంది. పూర్వము ధనికుల వ్యాధులని పేరుపడినవి నేడు కూలివాని గుడిసెలోనికిని వచ్చినవి.

ఈ లెక్కలు దేశమునకు సంబంధించినవి. వీని యర్థము ఇంటిలో తెలియును. ఏబదియేండ్ల గృహస్థు పక్షవాతముతో మంచమెక్కినచో పెద్దకొడుకు చదువు మాని దుకాణమున కూర్చుండును. మూత్రపిండములు చెడి వారమునకు రెండుమూడు మారులు డయాలిసిస్‌కు పోవలసివచ్చినచో, పొలము అమ్మకపోయినను పనిదినములు పోవును. వెంటబోవు భార్య కూలియు పోవును. కూతురి చదువునకు దాచిన చిట్టీ సొమ్ము బస్సు కిరాయిలకును మందులకును చెల్లును. మనము విద్యార్థివేతనమను పేర ఒక కడవతో నీరు పోయుచుండగా, కడవ యడుగున చిల్లి పడుచున్నది. కావున ఇది సంఘమునకు సంబంధించిన విషయమే.

కోరిక వేరు, సంకల్పము వేరు

ఉగాదినాడు వేపపూవు పచ్చడి తినుచు, లేక జనవరి మొదటి తేదీన, మనలో పెక్కుమంది గొప్ప నిశ్చయములు చేయుదురు. "ఈ యేడు బరువు తగ్గెదను. నేటినుండి చక్కెర ముట్టను. ప్రతిదినము అయిదు కిలోమీటర్లు నడచెదను." ఉగాదికిని శ్రీరామనవమికిని నడుమ ఎన్ని దినములున్నవి? పానకము త్రాగు నాటికే నిశ్చయము కరగిపోవుచున్నది. ఆపై ఆ మనుష్యుడు "నావంటివానికి నియమము సాగదు" అని తన్ను తానే నిందించుకొని మరుసటి యుగాది వరకు నిశ్చింతగా నుండును. లోపము ఆతని యందు కంటె ఆతడు పూనిన పద్ధతియందు ఎక్కువగా నున్నది.

మన పెద్దలు ఏ వ్రతమును ప్రారంభించినను మొదట సంకల్పము చెప్పింతురు. దానిని మనము చెవిని బెట్టక, పురోహితుడు త్వరగా ముగించిన బాగుండునని చూచుచుందుము. దాని యంగములను గమనింపుడు. ఏ ద్వీపమున, ఏ నదుల నడుమ, ఏ యింట నున్నామో చెప్పవలెను, అది దేశము. ఏ సంవత్సరము, ఏ ఋతువు, ఏ తిథి, ఏ వారమో చెప్పవలెను; అది కాలము. గోత్రనామములు చెప్పవలెను, అనగా కర్త యెవరో తేలవలెను. పిదప ఏ కర్మ, ఎంతకాలము, ఏ ఫలమునకై, ఎంతవరకు శక్తి కలదో అంతవరకు చేయుదునని చెప్పి నీరు విడువవలెను. దేశము, కాలము, కర్త, కర్మ, పరిమాణము, ప్రయోజనము అను ఈ యారును లేనిది సంకల్పము కాదు; ఒట్టి కోరిక.

"ఆరోగ్యము బాగుచేసికొందును" అనునది కోరిక. "నేను, ఈ యుగాది మొదలు శ్రీరామనవమి వరకు, మా యింటినుండి ఊరి చెరువుకట్ట వరకు, ప్రొద్దున టీ త్రాగిన వెంటనే, పావుగంట నడచెదను" అనునది సంకల్పము. మొదటిదానిని చేసితినా చేయలేదా యని ఎవరును చెప్పజాలరు. రెండవదానికి సాయంకాలమునకే అవును, కాదు అని సమాధానము దొరకును. సమాధానము దొరకు నియమమే నిలుచు నియమము.

"యథాశక్తి" యను మాట సంకల్పమున నుండుట యాదృచ్ఛికము కాదు. శక్తికి మించినది పూనువాడు వ్రతభంగమునకు ముందుగనే ముహూర్తము పెట్టుకొన్నవాడు. మరియు ధర్మశాస్త్రమున ప్రథమకల్పము, అనుకల్పము అను రెండు కలవు. ముఖ్యమైన విధిని చేయుటకు వీలుపడనినాడు దాని స్థానమున చేయదగిన చిన్న విధి అనుకల్పము. ముఖ్యమును చేయగల శక్తి యుండియు అనుకల్పముతో సరిపుచ్చువానికి ఫలము లేదని కట్టడియు కలదు. వాన కురిసినచో చెరువుకట్టకు బదులు పడసాలలోనే పదినిముషములు తిరుగవలెను. ఇది ముందే నిర్ణయించుకొన్నవాడు వాననాడు వ్రతము తప్పినవాడు కాడు. ఈ రెండవ మార్గము లేని నియమము మొదటి వానకే కొట్టుకొనిపోవును.

చరకుడు చెప్పిన పాదాంశ క్రమము

ఇంత చిన్న నియమముతో ఏమగునని సందేహింతురేమో! చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయమున ఈ విషయము స్పష్టముగ చర్చింపబడినది. అలవాటుపడిన అహితమును ఒక్కమారుగ విడువరాదనియు, అలవాటులేని హితమును ఒక్కమారుగ పట్టరాదనియు ఆచార్యుని మతము. అహితమున నాలుగవ పాలు, అనగా ఒక పాదము, తీసి దాని స్థానమున హితమున నొక పాదము నుంచవలెను. కొంత యెడమిచ్చి రెండవ పాదము, మరికొంత యెక్కువ యెడమిచ్చి మూడవ పాదము మార్చవలెను. ఎడము ఒక దినము, రెండు దినములు, మూడు దినములుగ పెరుగుచుండును. ఇట్లు క్రమముగ తగ్గింపబడిన దోషములు తిరిగి రావనియు, క్రమముగ పెంచబడిన గుణములు చలింపవనియు ఫలశ్రుతి. దీనికే పాదాంశ క్రమమని పేరు.

లెక్కకు సులభమైన యుదాహరణమును జెప్పెదను. ఒకడు దినమునకు రెండు మారులు టీ త్రాగును. మారునకు రెండు చెంచాల చక్కెర. మొత్తము నాలుగు చెంచాలు. మొదటి వారము ప్రతి కప్పునను అర చెంచా తగ్గించిన మూడు చెంచాలగును. నాలుక కొంచెము సణుగును గాని తిరుగబడదు. రెండవ పాదమునకు రెండు వారముల వ్యవధి యిచ్చి, మొత్తమును రెండు చెంచాలకు దింపవలెను. మూడవ పాదమునకు మూడు వారములు. ఆచార్యుడు దినములలో చెప్పినదానిని మనము వారములలో లెక్కించుకొనుటలో తప్పు లేదు; మన యలవాట్లు ముదిరినవి. రెండవ పాదమున నిలిచిపోయినను ఆతడు సగము గెలిచినవాడే. ఒక్కమారు మానినవాడు పదియవనాడు పెండ్లిభోజనమున నాలుగు జిలేబీలతో నష్టము పూడ్చుకొనుట మనమెరుగనిది కాదు.

పాఠశాలలో ఈ న్యాయమును నేను ప్రత్యక్షముగ చూచితిని. అమరకోశమున సుమారు 1500 శ్లోకములు కలవు. నెల దినములలో ఒక కాండమంతయు అప్పజెప్పెదనని ఉత్సాహపడిన బాలురు వారము తిరుగకమునుపే పుస్తకమును మూయుట పెక్కుమారులు చూచితిని. దినమున కొక్క శ్లోకము, మరునాడు పాతదానితో గూడ వల్లించుట యను పద్ధతి బట్టినవారు నాలుగేండ్లలో గ్రంథమును కంఠస్థము గావించిరి. వీరు మొదటివారికంటె బుద్ధిమంతులు కారు. వీరి పాలు చిన్నది, అంతియే భేదము.

నేటి పరిశోధనము గూడ ఇదే మార్గమున సాగినది. లండను నగరపు యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ యను విదుషియు ఆమె సహచరులును 96 మందిని పన్నెండు వారములు పరిశీలించి 2010వ సంవత్సరమున తమ ఫలితములను ప్రకటించిరి. ప్రతివాడును తినుట, త్రాగుట, నడచుటలలో ఒక్క చిన్న పనిని ఎన్నుకొని, ప్రతిదినము ఒకే సందర్భమున, భోజనానంతరమనియో టీ తరువాతననియో, చేయవలెను. ఆ పని తనంత తానుగ జరిగిపోవు స్థితికి వచ్చుటకు నడిమి లెక్కను 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములు పట్టునని లెక్క తేలెను. ఒక్క దినము తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదనియు వారు కనుగొనిరి. కావున ఒకనాడు తప్పినవాడు మరునాడు మరల ప్రారంభింపవలెను గాని, మరుసటి యుగాదికై యెదురుచూడరాదు.

ఇచ్చట మన సోదరులకు చిరపరిచితమైన యొక విషయము జ్ఞాపకము వచ్చుచున్నది. అయ్యప్ప దీక్ష బూనినవారు 41 దినములు మద్యము, మాంసము, పొగాకు ముట్టరు, తెల్లవారుజామున చన్నీటి స్నానము, నేలపై నిద్ర. "నేను మానలేను" అని పదియేండ్లు చెప్పినవాడు మాల వేసికొన్ననాడు మానుచున్నాడు. శక్తి లేదను మాట అసత్యమని దీనివలన తేలుచున్నది. దీక్షకు గురువు గలడు, తోడి స్వాములు గలరు, వేషము గలదు, దినములకు లెక్క గలదు. అందుచేత నిలుచుచున్నది. కాని మాల తీసిన మరునాటికి ఏ నియమమును లేదు. 66 దినములు పట్టు పనిని 41వ దినమున విడిచిపెట్టుచున్నాము. మాల తీసిన మరునాటినుండి ఒక్క పాదమైనను, ఉదాహరణమునకు పొగాకు మాత్రమైనను, విడిచియుండెదనని రెండవ సంకల్పము చేసికొన్న, ఆ 41 దినముల తపస్సు వ్యర్థము గాదు.

ఒక హెచ్చరిక. చిరకాలముగ ప్రతిదినము అధికముగ త్రాగుచున్నవారు వైద్యుని యడుగక ఒక్కమారు మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రంశము కలిగి ప్రాణాపాయము గూడ సంభవింపవచ్చును. అట్లే మధుమేహమునకు మాత్రలు, సూదులు తీసికొనువారు ఉపవాసములు చేయుటకు ముందును, భోజనమును విశేషముగ తగ్గించుటకు ముందును వైద్యుని సంప్రదింపవలెను. మందును మన యిష్టము వచ్చినట్లు మానుట నియమము గాదు, సాహసము.

మన నేల, మన రొట్టె

ఇప్పుడు ఈ జహీరాబాదు సంగతి. 1956వ సంవత్సరము వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చు ఈ సీమకు జొన్నరొట్టె యొక్కటే సమానభాష. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కందులు, అనుములు మన తాతల భోజనము.

1983వ సంవత్సరమున నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చుట ప్రారంభించినది. ఆకలి గొన్న యిండ్లకు అది ప్రాణదానమైనది. దానిని తక్కువ చేసి మాటాడుట కృతఘ్నత. కాని ఆ పిదపి కాలమున బియ్యము గౌరవమునకును జొన్నలు దారిద్ర్యమునకును గుర్తులైనవి. అల్లుడు వచ్చిననాడు జొన్నరొట్టె పెట్టుటకు అత్తగారు సిగ్గుపడు దినములు వచ్చినవి.

ఆ 1983వ సంవత్సరముననే పి. వి. సతీష్ గారును వారి మిత్రులును దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించిరి. పస్తాపూరు కేంద్రముగ ఈ చుట్టుపట్ల గ్రామములలోని బీద స్త్రీలు, ముఖ్యముగ దళిత స్త్రీలు, సంఘములుగ నేర్పడిరి. వారు దేశమును మార్చెదమని బయలుదేరినవారు కారు. తమకున్న ఎకరమో, అర ఎకరమో చెలక నేలలో పాత విత్తనములను కలిపి చల్లుకొనిరి. పండినదానిలో మరుసటి యేటికి విత్తనము దాచుకొనిరి. పొరుగామెకు గుప్పెడిచ్చి మరల పుచ్చుకొనిరి. సంక్రాంతి మొదలుకొని ఎడ్లబండ్లపై విత్తనముల బుట్టల నలంకరించి ఊరూర త్రిప్పు పాత పంటల జాతర మనమందరము చూచినదే. 2008వ సంవత్సరమున మాచునూరున వారి రేడియో ప్రారంభమైనది. 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము ఈ స్త్రీల సంఘములకు లభించినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. గుప్పెడు విత్తనములతో ఆరంభించిన పని నలుబదియేండ్లకు ప్రపంచమున మన్నన నందినది. పాదాంశ క్రమమునకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతమును నేను చూపజాలను. అక్షరము రాని స్త్రీలు ఆచరణలో చూపినదానిని చదువుకొన్న మనము భోజనపు పళ్ళెమున చూపలేమా?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలలో నూరు గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు. మరపట్టిన తెల్లబియ్యమున 3 గ్రాములకు లోపు. కాని జొన్నరొట్టె అమృతము గాదు. రెంటికి బదులు అయిదు రొట్టెలు తిని, పైని నూనె తేలు కూర వడ్డించుకొన్న, బియ్యముపై నెపము మోపి లాభము లేదు. కడుపున రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు, ఒక పాలు వాయువునకు విడువవలెనని అష్టాంగహృదయకారుడగు వాగ్భటుడు చెప్పిన కొలత ధాన్యమేదైనను తప్పదు. ఇదియు పాదముల లెక్కయే! ఆ నాలుగవ పాదమును ఖాళీగ నుంచుటయే మనకు మిగుల కష్టమైన వ్రతము.

రాత్రి భోజనమున వారమునకు రెండు మారులు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర అని మొదట నియమించుకొందము. ఏడు రాత్రులలో రెండనగా పాదమునకు కొంచెము పైన. ఉప్పు విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దినమంతటికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదందురు. పచ్చడి, అప్పడము, మిరపకాయ బజ్జీ, మిక్స్చరు అన్నియు ఆ చెంచాలోనివే. మజ్జిగలో వేసికొను ఉప్పు మానుట మొదటి పాదముగ నుండవచ్చును.

ఇచ్చట పురుషులకొక మాట. "నేటినుండి నేను రొట్టె తినెదను" అని సంకల్పించువాడు గృహస్థు. గిర్నీకి పోయి పిండి పట్టించుకొనివచ్చి, పొయ్యి సెగను కూర్చుండి రొట్టె చేయునది గృహిణి. ఒకరి సంకల్పమునకు మరియొకరి నడుము విరుగుట ధర్మము కాదు. గిర్నీకి తాను పోవలెను. రొట్టె చేయుట నేర్చుకొన్న మరియు మంచిది. మరియు ఇంటిలో అందరికిని వడ్డించి చివర చల్లారినది తిను గృహిణికి ఆరోగ్యసంకల్పము లేదా? ఆమె నడకకు అరగంట దొరకవలెనన్న, ఆ యరగంట ఇంటిపని మరియొకరు చేయవలెను. ఆమె పేరును చేర్చని సంకల్పమున కర్త యను అంగము సగమే.

నడక

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు వారమునకు కనీసము 150 నిముషముల మితమైన వ్యాయామము పెద్దవారికి అవసరమని చెప్పుచున్నారు. అది అయిదు దినములు, దినమునకు అరగంట నడక. వాగ్భటుడు బలవంతుడైనను తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనన్నాడు. రెండును విరుద్ధములు గావు. కుర్చీనుండి లేవనివానికి అరగంటయే పూర్ణశక్తి. ఆతడు ఏడెనిమిది నిముషములతో నారంభింపవలెను. రెండవ వారమో మూడవ వారమో పావుగంట. ఇట్లు నాలుగు పాదములకు అరగంట.

ఈ కొద్దిపాటి నడక వలన ఫలమేమి? చెన్నపట్టణమున డాక్టరు ఎ. రామచంద్రన్ గారును వారి సహచరులును మధుమేహపు గుమ్మమున నున్న 531 మందిని మూడేండ్లు పరిశీలించి 2006వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. మామూలు సలహాతో విడువబడిన వారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. దినమునకు అరగంట నడచి, భోజనమున మితము పాటింపుమని మరల మరల ప్రోత్సహింపబడినవారిలో నూటికి 39 మందికి వచ్చినది. వ్యాధి పూర్తిగ తొలగినదని నేను చెప్పను. నూటికి పదునారిండ్లలో ఆ మూడేండ్లలో వ్యాధి గుమ్మము దాటలేదు. నడక యంతయు మాయ యనువారికిని, నడచిన చాలు ఏ రోగమును రాదనువారికిని ఈ లెక్క సమాధానము.

సంఘము చేయదగినది

అలవాట్లు ఒంటరిగ పుట్టవు. నలుగురి నడుమ పుట్టును, నలుగురి సాయముననే మారును. కులసభలు శరీరమును గూర్చి పట్టించుకొనుట నూతనము గాదు. 1906వ సంవత్సరమున హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మగారు తమ జనులలో మద్యపాన నిషేధమును విద్యతో సమానముగ బోధించిరి. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఒక ఊరు, ఒక దుకాణము. అది ఊరూర వ్యాపించి 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారి తీసినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. పైనుండి వచ్చిన శాసనము పైవారి చేతనే పోయినది. తన వాకిట తాను నిలుపుకొన్న నియమమును తీసివేయుటకు ఏ ప్రభుత్వమునకును అధికారము లేదు.

కావున మహాసభవారికి నాలుగు సూచనలు చేయుచున్నాను. నాలుగును నేడే తీర్మానింపవలదు; అట్లు చేసిన నేను ఇంతసేపు చెప్పినదంతయు వ్యర్థము. సంవత్సరమును నాలుగు పాదములు చేసి, పాదమునకొకటి చొప్పున గైకొనుడు.

చైత్రము మొదలు మూడు మాసములలో, ముప్పది యేండ్లు దాటిన ప్రతి స్త్రీయు పురుషుడును రక్తపు పోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఈ పరీక్ష ఉచితము. తన స్థితి తెలియనివాడు చేయు సంకల్పమునకు దేశకాలములు లేవు.

ఆషాఢము మొదలు మూడు మాసములలో, ప్రతివాడును ఒక తోడును ఎన్నుకొనవలెను. ఇద్దరును తమ తమ చిన్న సంకల్పమును ఒకరితో నొకరు చెప్పుకొని వారమున కొకనాడు విచారించుకొనవలెను. అడుగువాడున్నాడన్న భయము కొంత, అడుగుచున్నాడన్న ప్రేమ కొంత పనిచేయును.

ఆశ్వయుజము మొదలు మూడు మాసములలో, మన సంఘము పక్షమున జరుగు ప్రతి భోజనమునను జొన్నలతోనో కొర్రలతోనో చేసిన వంటకమొకటి తప్పక యుండవలెను. మూడు మిఠాయిలకు బదులు ఒకటి చాలును. పెద్దలు నలుగురిలో తినినది పిల్లలకు గౌరవమైన భోజనమగును.

నాలుగవది కఠినమైనది గనుక చివర నుంచితిని. పుష్యము మొదలు మూడు మాసములు. అందు మాఘఫాల్గునములలో పెండ్లిండ్లు మెండు. మన దావతులలో మద్యము పోయుట మర్యాదగ మారినది. పోయనివానిని పిసినారి యందురు. బీదవాడు అప్పుచేసి పోయుచున్నాడు, ఏలయన ధనికుడు పోసినాడు. దాతలారా! మీరు వసతిగృహమునకు గదులు కట్టించితిరి. సంఘము మీకు ఋణపడియున్నది. మీ చేతిలో గదులకంటె గొప్పదానమొకటి కలదు. మీ యింటి శుభకార్యమున మద్యము లేదని మీరు మొదట ప్రకటించినచో, పేదవాడు సిగ్గుపడకయే మానగలడు. అందరును ఒక్కమారు మానుదురని నేను ఆశింపను. నలుగురిలో నొకరు, అనగా ఒక్క పాదము, ముందునకు వచ్చిన చాలును. తక్కిన పాదములకు కాలము కలదు.

వ్రతమునకు ఉద్యాపనము కలదు. మరుసటి మహాసభయందు అరగంట ఇందులకై కేటాయించి, ఎవరి సంకల్పము ఎన్ని పాదములు నెరవేరినదో వారినే చెప్పనిండు. పూర్తిచేసినవానిని పొగడుడు, ఒక పాదము చేసినవానిని గూడ పొగడుడు, చేయలేకపోయినవానిని నవ్వక, మరల చిన్నదానితో ప్రారంభింపుమని వెన్నుతట్టుడు.

ఇంటికి పోవుటకు ముందు ప్రతివారును ఒక చీటిపై ఒక్కటే వాక్యము వ్రాసికొని పొండు: నేను, ఎచ్చట, ఎప్పుడు, ఏమి, ఎంత, ఎంతవరకు. ఆ వాక్యము చదివినవారు "ఇంత చిన్నదా!" అని నవ్వినచో అది సరియైన కొలతయని తెలిసికొనుడు.

 నూతన సంవత్సరము మీ యిండ్లలో ఆయురారోగ్యములను, బిడ్డలకు నిరంతరాయమైన విద్యను కలుగజేయుగాక!

స్వస్తి.